రక్తం తక్కువగా ఉంది, బడి భోజనం మాన్పించాను.. ఏం పెట్టమంటారు?

ప్రశ్న: డాక్టర్‌గారూ, మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను జీడి ఫ్యాక్టరీలో పనికి వెళ్తాను. మావారు హైదరాబాద్‌లో బిల్డింగ్ పనుల్లో ఉన్నారు. పాపకు 14 ఏళ్లు, సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఎప్పుడూ నీరసం అంటుంది, మెట్లెక్కితే ఆయాసపడుతోంది. టెస్టు చేయిస్తే హిమోగ్లోబిన్ 9.4 అన్నారు. పొద్దున్నే టీ, రెండు రస్కులు తప్ప ఏమీ తినదు. బడి అన్నంలో ప్లాస్టిక్ బియ్యం కలుస్తున్నాయని వాట్సాప్‌లో వీడియో చూసి అక్కడ తినొద్దన్నాను. రోజూ 20 రూపాయలిస్తే ఏదో కొనుక్కుంటుంది. బడిలో ఇచ్చే నీలం మాత్రకు వికారం వస్తోందని పారేస్తోందట. బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు ఇస్తున్నాను. పాలల్లో డబ్బా పొడి కూడా కలిపిస్తున్నాను. గుడ్లు, పప్పులు ఎక్కువైతే కిడ్నీలు పాడవుతాయని పక్కింటివాళ్లు అంటున్నారు. మా మామగారికి ఆ జబ్బే. తమ్ముడు మాత్రం బాగానే తింటాడు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, శ్రీకాకుళం జిల్లా

సలహా: అమ్మా, రేపటి నుంచి పాపను బడిలో భోజనం చేయనివ్వండి. మిగతావి ఒక్కొక్కటిగా చెబుతాను గానీ, మొదట చేయాల్సింది ఇదే. ఆ 20 రూపాయలు ఇవ్వడం ఆపేయండి.

వీడియోలో చూపించిన గింజలు ప్లాస్టిక్‌వి కావు. వాటిని ఫోర్టిఫైడ్ బియ్యం అంటారు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి, మెషీన్లో మళ్లీ బియ్యం గింజల్లా తయారు చేస్తారు. వంద కిలోల మామూలు బియ్యంలో వీటిని ఒక కిలో కలుపుతారు. బడికీ, అంగన్‌వాడీకీ, రేషన్ డిపోకీ ఈ బియ్యాన్నే పంపుతూ వచ్చారు. ఆ గింజ రంగు కాస్త వేరుగా కనిపిస్తుంది. కొన్ని నీళ్లలో తేలతాయి, ఉడికితే మెత్తబడతాయి. అన్నం ముద్ద చేసి నేలకు కొడితే బంతిలా లేచిందని వీడియోల్లో చూపిస్తారే, పిండిపదార్థం ఉన్న ఏ అన్నాన్ని గట్టిగా పిసికి కొట్టినా అలాగే లేస్తుంది. మీ ఇంటి అన్నంతో చేసి చూడండి. మీరు రేషన్ బియ్యమే వండుతుంటే ఇంట్లో తిన్నదీ అదే అయ్యుంటుంది. ఆ తేలే గింజల్ని ఏరి పారేయకండి, అసలు మందు వాటిలోనే ఉంది. నాలుగైదుసార్లు కడిగి, గంజి వార్చి పారబోస్తే అది కొంత కాలవపాలవుతుంది. ఒకటి రెండుసార్లు కడిగి, సరిపడా నీళ్లు పోసి అత్తెసరు పెట్టండి.

బడిలో పెట్టేదాంట్లో ఏముంటుందో కూడా చూడండి. పెద్ద తరగతుల పిల్లలకు రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు వాడాలని కొలత ఉంది. 700 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్ అందాలన్నది లెక్క. కేంద్రం డబ్బు ఎనిమిదో తరగతి వరకే వస్తుంది. తొమ్మిది, పది పిల్లలకు మన రాష్ట్రమే ఖర్చు భరిస్తోంది. 2025 జనవరి నుంచి సర్కారు జూనియర్ కాలేజీల్లోనూ మధ్యాహ్న భోజనం మొదలైంది. అంటే మీ పాప ఇంటర్‌లో చేరినా ఈ పూట తిండికి ఢోకా లేదు. గుడ్డు, చిక్కీ, చోడి (రాగి) జావ దీనికి అదనం. మీ పాప వయసుకు రోజుకు సుమారు 43 గ్రాముల ప్రోటీన్ కావాలి. అందులో దాదాపు సగం బడిలో ఒక్కపూటలోనే దొరుకుతుంటే, మీరు దాన్ని వదులుకుని చేతికి 20 రూపాయలిచ్చి పంపుతున్నారు. ఆ డబ్బుతో ఏం కొంటోందో ఓసారి పాపనే అడగండి. ఒక చిప్స్ ప్యాకెట్, ఒక చిన్న కూల్‌డ్రింక్ అయ్యుంటాయి. ఉప్పు, నూనె, పంచదార తప్ప వాటిలో ఏమీ ఉండవు.

ఇందులో తప్పంతా మీదేనని అనడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో లెక్క తీస్తే, మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. పది మందిలో ఆరుగురికి ఒకే జబ్బు ఉంటే అది ఆరుగురు తల్లుల వంట లోపం అనగలమా? పిల్ల చేతికి ఏది సులువుగా, చవగ్గా అందుతోందన్నదే అసలు సంగతి. బడి దగ్గర కొట్లో జామకాయ ఉండదు, రంగురంగుల ప్యాకెట్ల దండ మాత్రం వేలాడుతుంటుంది. నిజానికి ఉప్పు, కొవ్వు, పంచదార ఎక్కువున్న తినుబండారాలు బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. కాగితం మీద అది గట్టిదే. గేటు ముందు నిలబడి కొలిచేవాళ్లే లేరు. ఇటు పన్నుల సంగతి చూస్తే 2025 సెప్టెంబరు 22 నుంచి కూల్‌డ్రింకుల మీద జీఎస్టీ 40 శాతం, బిస్కెట్ల మీదా మిక్చర్ ప్యాకెట్ల మీదా 5 శాతం. కూల్‌డ్రింకు విషయంలో నాకు అభ్యంతరం లేదు. మిక్చర్ ప్యాకెట్ మీద పన్ను తగ్గించడం మాత్రం పిల్లల డాక్టర్‌గా నాకు నచ్చలేదు.

మరి మీరేం చేయగలరు? బడి యాజమాన్య కమిటీ అని ఒకటి ఉంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కమిటీలో మీ వీధివాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. పిల్లలకు వడ్డించేముందు టీచరుతో పాటు పెద్దవాళ్లు రుచి చూడాలన్న నియమమూ ఉంది. ఫ్యాక్టరీకి సెలవు దొరికిన రోజు వెళ్లి, ఆ రుచి చూసేవాళ్లలో మీరూ ఒకరవండి. పప్పు నీళ్లగా ఉందా, అన్నం పలుకుగా ఉందా, గుడ్డు అందరికీ అందుతోందా చూడండి. బాగాలేకపోతే అక్కడే, ఆ పూటే అడగండి. వండే ఆయమ్మల మీద మాత్రం విరుచుకుపడొద్దు. నెలకు 3 వేల రూపాయల గౌరవ వేతనంతో వందల మందికి పొయ్యి దగ్గర నిలబడే మనుషులు వాళ్లు. గేటు ముందు కొట్టు సంగతి కూడా కమిటీలో ఎత్తండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, పదిమంది తల్లులు కలిసి అడిగితే హెడ్మాస్టరుకూ బలం వస్తుంది. ఆ కొట్టాయన్ని పూర్తిగా మూసేయమనక్కర్లేదు. ఉడికించిన వేరుశనగ పిక్కలు, జామకాయలు, అరటిపండ్లు అమ్ముకోమనండి.

ఇక మాత్రల సంగతి. వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర రక్తహీనత రాకుండా కాపాడటానికి. మీ పాపకు ఆ దశ దాటిపోయింది. 12 ఏళ్లు నిండిన ఆడపిల్లకు హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. 9.4 అంటే మధ్యస్థ రక్తహీనత. దీనికి రోజూ మాత్ర కావాలి, వారానికి ఒకటి సరిపోదు. మీ పీహెచ్‌సీలో డాక్టరుకు రిపోర్టు చూపిస్తే బరువును బట్టి డోసు చెప్పి ఉచితంగా ఇస్తారు. మాత్ర పరగడుపున వేసుకుంటే చాలామందికి వికారం వస్తుంది. అన్నం తిన్నాక, రాత్రి పడుకోబోయేముందు వేసుకుంటే చాలావరకు తగ్గుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, భయపడొద్దు. పాలతోగానీ టీతోగానీ మింగకూడదు, నిమ్మరసం నీళ్లతో అయితే మేలు. కనీసం మూడు నెలలు వాడాలి. పది రోజులకు ఒంట్లో ఓపిక వచ్చిందని ఆపేసేవాళ్లే ఎక్కువ, అక్కడే జబ్బు తిరగబెడుతుంది.

మాత్రతో పాటు నులిపురుగుల సంగతి కూడా చూసుకోవాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర పాప నమిలిందో లేదో కనుక్కోండి. కొంకిపురుగులు ఉత్తకాళ్ల గుండా ఒంట్లోకి చేరి పేగుల్లో రక్తం పీలుస్తాయి. తోటలోకి వెళ్లినా, దొడ్డివైపు వెళ్లినా చెప్పులు ఉండాల్సిందే. ఇంకొకటి అడగాలి, అది మీరే అడగాలి: నెలసరి ఎన్ని రోజులుంటోంది, రోజుకు ఎన్ని ప్యాడ్‌లు మారుస్తోంది? ఏడు రోజులు దాటుతున్నా, గడ్డలు పడుతున్నా డాక్టరుతో తప్పకుండా చెప్పండి. ఎంత ఐరన్ పోసినా అటు పోతుంటే హిమోగ్లోబిన్ పెరగదు. సుద్దముక్కలు, పచ్చిబియ్యం, మట్టి తినే అలవాటుందేమో కూడా గమనించండి. అది ఐరన్ లోపానికి గుర్తు.

బీట్‌రూట్ ఎర్రగా ఉంటుందనే గానీ, వంద గ్రాముల్లో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు. మీ పాపకు రోజుకు కావాల్సింది సుమారు 30 మిల్లీగ్రాములు. ఖర్జూరాలు తినొచ్చు, వాటి మీదే భారం వేయకండి. డబ్బా పొడి ఖర్చు మాత్రం పూర్తిగా దండగ. అందులో ఎక్కువ భాగం పంచదార, మాల్ట్. ‘హెల్త్ డ్రింక్’ అనే మాటకు ఆహార చట్టంలో నిర్వచనమే లేదని, ఆన్‌లైన్ అమ్మకాల్లో వీటిని ఆ విభాగం కింద చూపించొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రమే చెప్పింది. ఆ డబ్బా డబ్బుతో గుడ్లు కొనండి.

కిడ్నీల భయం మన ఉద్దానం వైపు ఎవరికైనా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్న పిల్లకు రోజూ ఒక గుడ్డు, ఒక కప్పు పప్పు వల్ల ఏమీ కాదు. పప్పు, మాంసం తగ్గించమనేది జబ్బు బయటపడినవాళ్లకు, అదీ వాళ్ల డాక్టరు చెబితేనే. మీ మామగారి పథ్యం మనవరాలికి పెట్టకండి. ఇంట్లో జబ్బుంది కాబట్టి పాపకూ, తమ్ముడికీ ఒకసారి మూత్రపరీక్ష, క్రియాటినిన్ పరీక్ష చేయించండి. కిడ్నీ జబ్బులోనూ రక్తం తగ్గుతుంది కనుక ఆ అనుమానమూ తీరిపోతుంది. పలాసలోనే కిడ్నీ ఆస్పత్రి ఉంది కదా, దూరం పోనక్కర్లేదు.

ఏం పెట్టాలంటే, మీరు తెల్లారే పనికి పోతారు కాబట్టి పొద్దున్న పొయ్యి వెలిగించక్కర్లేని తిండే చెబుతాను. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి ఉంచండి. పొద్దున్నే ఆ చద్దన్నంలోకి ఉల్లిపాయ, రాత్రి ఉడకబెట్టి ఉంచిన ఉలవల గుగ్గిళ్లు ఒక గుప్పెడు. వంద గ్రాముల ఉలవల్లో సుమారు 8 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మొలకెత్తించి ఉడికిస్తే ఇంకా బాగా ఒంటికి పడుతుంది. టీ పూర్తిగా మానమంటే వినదు, ఆ వయసే అంత. తిండికీ టీకీ మధ్య గంట తేడా ఉండేలా చూడండి చాలు. టీలోని పదార్థాలు ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. సాయంత్రం బడి నుంచి రాగానే వేరుశనగ పిక్కలు, బెల్లం, లేదా నువ్వుల చిమ్మిలి ఉండ. జీడిపప్పు మంచిదే. అయితే రోజూ చేతుల మీదుగా కిలోలకొద్దీ పోయే ఆ పప్పు మీ ఇంటి గిన్నెలోకి ఎంత వస్తుందో నాకు తెలుసు, అందుకే ఆ మాట చెప్పడం లేదు.

రాత్రికి ములగాకు పప్పో, తోటకూరో. పెరట్లో ములగచెట్టు లేని ఇల్లు మీ వైపు తక్కువ. పక్కన నిమ్మచెక్క పిండుకోవాలి. పుల్లటిది ఏదైనా తోడుంటే ఆకుకూరలోని ఐరన్ బాగా ఒంటబడుతుంది. వారానికి రెండుసార్లు నెత్తళ్లు వండండి. పచ్చివి దొరక్కపోతే ఎండువి, కానీ వేడినీళ్లలో రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించి. ముల్లుతో సహా తింటే కాల్షియం కూడా వస్తుంది. చేపలోని ఐరన్ ఆకుకూరల్లోని ఐరన్ కంటే తేలిగ్గా ఒంటబడుతుంది. చోడి అంబలి కాల్షియం కోసం బాగా పనికొస్తుంది. రక్తం కోసం దాన్నే నమ్ముకోకండి.

తమ్ముడు బాగానే తింటాడన్నారు. రాత్రి ఎవరు ముందు కూర్చుంటున్నారు, చేపముక్క ఎవరి కంచంలో పడుతోంది? చాలా ఇళ్లల్లో ఆడపిల్ల తల్లితో పాటు చివర్లో, మిగిలిన పులుసుతో తింటుంది. ఈ మూడు నెలలు పిల్లలిద్దరికీ ఒకేసారి వడ్డించండి, ముక్కలు సమానంగా పంచండి. మీరు కూడా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి, పాపతో పాటే.

మాత్రలు మొదలుపెట్టిన నెలకు మళ్లీ పరీక్ష చేయించండి. కనీసం ఒక గ్రాము పెరగాలి. మాత్ర సరిగా వేసుకున్నా పెరగకపోతే పీహెచ్‌సీలో చీటీ రాయించుకుని శ్రీకాకుళంలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి రిమ్స్‌కు తీసుకెళ్లండి. అక్కడ పూర్తి రక్తపరీక్ష చేసి తలసేమియా, సికిల్‌సెల్ లాంటివి ఉన్నాయేమో చూస్తారు. మీ వంశంలో ఆ జబ్బులు ఎవరికైనా ఉన్నాయని తెలిస్తే ఐరన్ మొదలుపెట్టకముందే డాక్టరుకు చెప్పాలి. ఈలోగా కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండె దడగా ఉన్నా, కళ్లు తిరిగి పడిపోయినా, హిమోగ్లోబిన్ 8 కంటే కిందికి వెళ్లినా నెల ఆగకండి, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.