అడవి సంగతులు – పాఠకుల ప్రశ్నలు: దొడ్లో దూకిన చిరుత

ప్రశ్న: మాది చంద్రగిరి మండలంలో కొండ కింది పల్లె. మొన్న రాత్రి చిరుత దొడ్లో దూకి 7 మేకల్ని చంపి, ఒక్కదాన్నే ఈడ్చుకుపోయింది. తిననివాటిని ఎందుకు చంపినట్టు? మళ్లీ రాకుండా ఏం చేయాలి?

జవాబు: అడవిలో ఒక జింకను పట్టేలోగా మంద చెదిరిపోతుంది, వేట అంతటితో సరి. దొడ్లో మేకలకు పారిపోయే దారి లేదు. ఎదుట అరుస్తూ గంతులేస్తుంటే, ఆకలితో నిమిత్తం లేకుండా చిరుతకు పట్టే గుణం మళ్లీ మళ్లీ రేగుతుంది. పగబట్టి చంపిందనుకోవద్దు.

ముందు అది చిరుత పనేనా అని చూడండి. చిరుత గొంతులో కోరలు దించి ఊపిరాడకుండా పట్టేస్తుంది. బొచ్చు పక్కకు తీస్తే గొంతు దగ్గర లోతైన గాట్లు కనిపిస్తాయి. ఊరకుక్కలైతే ఎక్కువగా తొడలు, డొక్కలు చీలుస్తాయి. కళేబరాలు కదల్చకముందే ఫొటోలు తీసి అటవీ శాఖకు కబురు చేయండి, పశువైద్యుడికి చూపించండి. పరిహారం అడగడానికి అవే ఆధారం. చచ్చిన మేకకు విషం పూయడం మాత్రం వద్దే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. పైగా ఆ విషం నక్కల్నీ కుక్కల్నీ కూడా చంపుతుంది.

దొడ్డి అనగానే చాలామంది గోడ ఎత్తు పెంచి, పైకప్పు వదిలేస్తారు. 6 అడుగుల గోడ చిరుతకు లెక్కలోది కాదు, చెట్టు కొమ్మ మీంచి కూడా దిగుతుంది. కాబట్టి డబ్బు ముందు పైకప్పుకు పెట్టండి. ఇనుప వల పరిచి, గోడకూ వలకూ మధ్య సందు లేకుండా తీగతో బిగించండి. తల దూరితే ఒళ్లూ దూరుతుంది. తడిక తలుపు దాని పంజాకు ఆగదు, రేకు తలుపు, గట్టి గడియ కావాలి.

దొడ్డి చుట్టూ కంప, పొదలు కొట్టేయండి. చిరుత ఎక్కువ దూరం తరమదు. పొట్ట నేలకు ఆనించి, చాటు చూసుకుంటూ కొద్ది గజాల దాకా పాకి, అక్కడినుంచి ఒక్క ఉదుటున పడుతుంది. చాటు లేకపోతే దాని వేట సగం పోయినట్టే. కాపలా కుక్కను రాత్రి ఆరుబయట కట్టేయకండి, చిరుత కుక్కల కోసమే ఊళ్లోకి వచ్చే సందర్భాలు ఎక్కువ.

ప్రశ్న: పిల్లలతో అలిపిరి మెట్ల దారిన కొండెక్కాలంటే భయంగా ఉంది. – తిరుపతి

జవాబు: 2023 ఆగస్టులో ఆ దారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపిన తర్వాత ఈ భయం సహజమే. చీకటి పడకముందే కొండ చేరేలా బయలుదేరండి. పిల్లలకు వేళల ఆంక్ష ఉందేమో ముందే కనుక్కోండి. పిల్లలు ముందుకు పరిగెత్తకూడదు, వెనకబడనూ కూడదు. పెద్దల మధ్య, చెయ్యి పట్టుకునే నడవాలి. పొదల పక్కన ఒంటరిగా కూర్చోనివ్వకండి. కూర్చున్న మనిషి, చిన్న పిల్ల దాని కంటికి వేట జంతువంత ఎత్తులోనే ఉంటారు. ఎదురుపడితే పరిగెత్తొద్దు, వంగొద్దు. బిడ్డను ఎత్తుకుని, గట్టిగా కేకలేస్తూ, వీపు చూపకుండా వెనక్కి జరగండి. తిండి పొట్లాలు దారిలో పారేస్తే కుక్కలు, పందులు చేరతాయి, వాటి వెనకే చిరుత.

ప్రశ్న: సింహాలు గుంపుగా ఉంటాయి కదా, చిరుతలు ఒంటరిగా ఎందుకు? మా చెరకు తోట దగ్గర రెండు కలిసి కనిపించాయి. – చిత్తూరు

జవాబు: సింహాల గుంపుకు మూలం తోబుట్టువులూ తల్లీకూతుళ్లూ అయిన ఆడసింహాలు. పెద్ద జంతువును కలిసి పడగొట్టి, కొత్తగా వచ్చిన మగవాటి నుంచి పిల్లల్ని కలిసి కాచుకుంటాయి. చిరుత వేట చిన్నది, అందులో మరొకదానికి వాటా మిగలదు. మూత్రం చిమ్మి, చెట్లు గీరి తన హద్దు చాటుకుంటుంది. మీరు చూసింది బహుశా తల్లీ, ఎదిగిన పిల్లా అయి ఉంటాయి. పిల్లలు దాదాపు ఏడాదిన్నర తల్లితోనే తిరుగుతాయి. చెరకు కొట్టేటప్పుడు కూనలు దొరికితే చేతుల్లోకి తీసుకోకండి. కోత ఆపి, జనాన్ని దూరం పంపి, అటవీ సిబ్బందిని పిలవండి. చాలాసార్లు చీకటిపడ్డాక తల్లే వచ్చి నోట కరుచుకుని తీసుకుపోతుంది.