స్ప్రింగులు కొనే ముందు బండిని కాటా ఎక్కించు

కర్రాథా (పశ్చిమ ఆస్ట్రేలియా) నుంచి

ప్రియమైన అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. జులై సెలవుల్లో అమ్మాయినీ పిల్లల్నీ తీసుకుని మన రాష్ట్రం ఉత్తరాన ఉన్న మట్టిదారి గిబ్ రివర్ రోడ్డు వెళ్తున్నారని అక్క చెప్పింది. చాలా సంతోషం. ఆ ఎర్రనేల, ఆ లోయలు పిల్లలు చిన్నప్పుడే చూడాలి. నీ టొయోటా ప్రాడోకి సస్పెన్షన్ (స్ప్రింగులు, షాకబ్జర్లు) మార్పించాలని నువ్వు పంపిన కొటేషన్లన్నీ చదివాను. బండి ఎంత ఎత్తు లేస్తుందో అన్నిట్లోనూ రాసి ఉంది. దాని మీద ఎంత బరువు పడబోతోందని మాత్రం ఒక్కరూ అడిగినట్టు లేదు. అది అడగనివాడి దగ్గర స్ప్రింగులు కొనొద్దు అల్లుడూ. ఎంత పేరున్న షాపైనా సరే.

నీది ప్రాడో 150. దాని జీవీఎమ్ 2,990 కిలోలు. అంటే బండి, మనుషులు, సామాను, డీజిల్ అన్నీ కలిపి చట్టప్రకారం అంతకు మించకూడదు. ట్యాంకు నిండా డీజిల్ ఉన్న ఖాళీ బండి మోడల్‌ని బట్టి 2,300 కిలోల పైచిలుకు తూగుతుంది. ఇక మిగిలేది సుమారు 650 కిలోలు. కాగితాల్లో ‘టేర్’ అని ఉన్న అంకెను చూసి లెక్క వేసుకోవద్దు. అది పది లీటర్ల డీజిల్‌తో చూపే బరువు. నీ రెండు ట్యాంకులూ నిండితే 150 లీటర్లు కాబట్టి ఆ తేడా ఒక్కటే 115 కిలోలు దాటుతుంది.

650 అంటే చాలానే అనిపిస్తుంది. నువ్వు పంపిన జాబితా ముందు పెట్టుకుని చూడు. మీ నలుగురూ కలిసి 220 అనుకుందాం. బండి ముందు బిగించే స్టీలు కడ్డీల బుల్ బార్ 70, దిగబడ్డ బండిని లాగే మోటారు వించి 30, వెనక డ్రాయర్లు 70, నిండా సరుకులతో ఫ్రిజ్ 45, పైన ర్యాకు 35, దాని మీద టెంటు 65, రెండో బ్యాటరీ 25, రెండో స్టెపినీ 35, నీళ్లు 60 లీటర్లు. తిండి, బట్టలు, కుర్చీలు, పనిముట్లు, బండి దిగబడితే లాగే తాళ్లు అన్నీ కలిపి తక్కువలో తక్కువ 100. మొత్తం 755 అయింది. ఇంకా పిల్లల సైకిళ్లు లెక్కలోకి రాలేదు. నేను వేసినవి ఉజ్జాయింపు అంకెలే, కానీ అసలు తూకం దీనికన్నా ఎక్కువే చూపిస్తుంది తప్ప తగ్గదు.

కాబట్టి మొదటి పని ఇది. ఒక శనివారం ప్రయాణానికి వెళ్తున్నట్టే అన్నీ సర్దండి. ట్యాంకు నింపి, నలుగురూ కూర్చుని, పబ్లిక్ వేబ్రిడ్జికి, అంటే బండ్లు తూచే కాటాకి వెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక తూకం, మొత్తం బండికి ఒకటి, వెనక చక్రాలకు ఒకటి తీయించు. ఒక్కో ఇరుసు ఎంత మోయవచ్చో హ్యాండ్‌బుక్కులో ఉంటుంది, పక్కనే రాసుకో. మొత్తం బరువు హద్దులోనే ఉండి వెనక ఇరుసు మాత్రం దాటిపోయిన బండ్లు నేను చాలా చూశాను.

ఇక్కడే చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. గట్టి స్ప్రింగు వేస్తే బండి వెనకభాగం కుంగకుండా నిలబడుతుంది. అంతమాత్రాన చట్టం ఒప్పుకునే బరువు ఒక్క కిలో కూడా పెరగదు. జీవీఎమ్ పెంచుకోవాలంటే దానికి వేరే దారి ఉంది. కొత్త బండికైతే రిజిస్ట్రేషన్‌కి ముందే ఫెడరల్ ఆమోదం ఉన్న సస్పెన్షన్ కిట్ వేయిస్తారు, అది దేశమంతా చెల్లుతుంది. నీ బండి రిజిస్టరైపోయింది కాబట్టి ఇంజినీరు ధ్రువీకరణ, మన రాష్ట్ర రవాణాశాఖ అనుమతి కావాలి. షాపువాడు ‘ఏం కాదులెండి’ అంటే నమ్మొద్దు. ప్రమాదం జరిగి, బండి హద్దు దాటి ఉందని తేలితే, ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేయవచ్చు. పిల్లలు వెనక కూర్చునే బండి అది.

పెంచుకోవడం కన్నా తగ్గించుకోవడం తేలిక. వించి తీసెయ్. గిబ్‌కి అది అక్కర్లేదు. పైన టెంటు బదులు నేల మీద వేసే మంచి టెంటు తీసుకో. 65 కిలోలు నెత్తిన పెట్టుకున్న బండి మలుపుల్లోనూ గోతుల్లోనూ ఒరిగే తీరు వేరుగా ఉంటుంది, ఏ షాకబ్జరూ దాన్ని పూర్తిగా ఆపలేదు. డ్రాయర్ల బదులు మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు చాలు, బాగా బిగించి కడితే. డీజిల్ డబ్బాలు అసలొద్దు. డెర్బీ నుంచి అవతలి చివర కునునుర్రా దారి కలిసేదాకా గిబ్ సుమారు 660 కిలోమీటర్లు. నీకు 150 లీటర్ల ట్యాంకుంది, మధ్యలో మౌంట్ బార్నెట్ రోడ్‌హౌస్‌లోనూ డీజిల్ దొరుకుతుంది. బుల్ బార్ మాత్రం ఉంచు. అక్కడ కంచెలు లేని పశువుల బీళ్లు ఉంటాయి, సందెవేళ ఆవులు రోడ్డు మీదికి వస్తాయి. రెండో స్టెపినీ కూడా ఉంచు.

ఇక స్ప్రింగులు. కేటలాగుల్లో ‘ఎప్పుడూ 200 కిలోలు’, ‘ఎప్పుడూ 400 కిలోలు’ అని రాసి ఉంటుంది. ఆ ‘ఎప్పుడూ’ అన్నదాన్ని అక్షరాలా తీసుకో. ఏడాదిలో మూడు వారాలు మోసే బరువుని బట్టి కొంటే మిగతా నలభై తొమ్మిది వారాలూ పెర్త్‌లో పిల్లల్ని బడికి దింపేటప్పుడు వెనక సీటు ఎగిరెగిరి పడుతుంది. తడి రోడ్డు మీద ఖాళీ బండి వెనక చక్రాలు పట్టు వదులుతాయి. నీ బండి వెనకభాగంలో ఏడాది పొడుగునా ఉండేవి బ్యాటరీ, ట్రైలరు తగిలించే టో బార్, ఫ్రిజ్ ఉంటే ఫ్రిజ్, అంతే. వాటిని తూచి, దానికి సరిపడే మధ్యరకం కాయిల్ (చుట్టల స్ప్రింగు) వేయించు. ప్రయాణపు బరువు కోసం వెనక కాయిల్ లోపల పట్టే గాలి సంచులు వేయించుకో. బరువెక్కినప్పుడు గాలి పెంచు, ఇంటికొచ్చాక తగ్గించు. ఏ బరువుకి ఎంత గాలో తయారీదారు ఇచ్చిన చీటీ ఉంటుంది.

ఇది నీ బండికి వెనక కాయిల్ స్ప్రింగులు ఉన్నాయి కాబట్టి చెప్తున్నాను. మీతో వస్తున్న నీ స్నేహితుడిది డ్యూయల్ క్యాబ్ యూట్ (రెండు వరసల సీట్లు, వెనక సామాను ట్రే ఉన్న బండి) కదా, దానికి వెనక కమాను పట్టీలు ఉంటాయి. ఆ కుర్రాడికి నా మాటగా చెప్పు: కమాన్ల మీద గాలి సంచులు బిగించి, ట్రేలో బరువంతా ఇరుసుకి వెనక పెట్టి, దాని వెనక ట్రైలరు తగిలించి గతుకుల్లో నడిపితే చాసిస్ వంగిపోతుంది. కమాను కట్ట బరువుని ముందు కొస, వెనక కొస రెండుచోట్లకి పంచుతుంది. గాలి సంచి ఆ బరువంతా చాసిస్ మీద ఒకే చోటికి తెచ్చి పెడుతుంది. అతనికి కావలసింది సరైన బరువుకి తయారైన కమాన్ల కట్ట. కట్ట మార్చినప్పుడు దాన్ని ఇరుసుకి బిగించే యూ బోల్టులు కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వాడకూడదు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక వాటిని మళ్లీ బిగించాలి.

క్యాంపర్ ట్రైలరు అద్దెకు తీసుకుందామా అని అడిగావు. దాని కొక్కెం తగిలించే బండి వెనక బంతి మీద 300 కిలోలు పడితే వెనక ఇరుసు మీద పడేది 300 కాదు. నీ బండి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య 2.79 మీటర్లు. బంతి వెనక ఇరుసుకి 1.2 మీటర్లు అవతల ఉంటే, వెనక ఇరుసు మీద దాదాపు 430 కిలోలు పడతాయి. ముందు ఇరుసు మీంచి 130 కిలోలు లేచిపోతాయి. స్టీరింగు తేలికైపోయేది, ఎదుటివాళ్ల కళ్లలో హెడ్‌లైట్లు కొట్టేది అందుకే. పైగా ఆ 300 కిలోలూ నీ 650 లోంచే పోతాయి. నా మాట వింటే ఈసారికి ట్రైలరు వద్దు.

ముందు చక్రాల స్ప్రింగులు బుల్ బార్ బరువుకి తగ్గట్టు వేయించు, వించి తీసేశావని షాపువాడికి చెప్పు. బండి ఎత్తు 40 నుంచి 50 మిల్లీమీటర్లు పెరిగితే చాలు. అంతకు మించితే చట్టం చిక్కులు, పైగా ముందు డ్రైవ్ షాఫ్టుల కీళ్లు వంకరగా తిరిగి తొందరగా అరుగుతాయి. ఎత్తు పెరిగితే కాస్టర్ (ముందు చక్రాల స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గిపోయి బండి రోడ్డు మీద తిన్నగా పోవడానికి మొరాయిస్తుంది. అలైన్‌మెంట్‌లో అది సర్దుబాటు కాకపోతే ముందు చక్రాల్ని పైనుంచి పట్టి ఉంచే కంట్రోల్ ఆర్ములు మార్చాల్సి వస్తుంది. అలైన్‌మెంట్ రిపోర్టు కాగితం అడిగి తీసుకో. కొన్ని ప్రాడోలకి బండి ఒరగకుండా ఆపే కేడీఎస్ఎస్ అనే ఏర్పాటు ఉంటుంది, నీదానికి ఉంటే కిట్ దానికి తగ్గదే అడుగు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే షాకబ్జర్ల మీద పెట్టు. పిల్బరా గనుల్లో చిన్న బండ్ల వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్లూ విరిగిన స్ప్రింగుల కన్నా, ఆయిలు కారిపోయి చచ్చిన షాకబ్జర్లే ఎక్కువగా నా చేతికి వచ్చాయి. స్ప్రింగు బరువు మోస్తుంది. దాని ఊపుని ఆపేది షాకబ్జరు, ఆ ఊపంతటినీ వేడిగా మార్చి బయటికి వదిలేదీ అదే. గిబ్ మీద రేకుల షెడ్డు కప్పులా అడ్డంగా గీతలు గీతలుగా ఉంటుంది రోడ్డు. అందులో గంటసేపు పోతే చక్రం సెకనుకి ఎన్నోసార్లు కొట్టుకుంటుంది. లోపలి ఆయిలు కాగి, పలచబడి, నురగెక్కితే పిస్టన్‌కి పట్టు దొరకదు. అప్పుడు వెనకభాగం రోడ్డు మీద పక్కకి జారుతుంది. డ్రైవరుకి అదేమిటో అర్థమయ్యేలోపే బండి మలుపు దాటి బయట ఉంటుంది.

నురగని ఆపడానికి నైట్రోజన్ గ్యాసు వాడతారు, లేదా గ్యాసు ఆయిల్లో కలవకుండా లోపల ఫోమ్ పెడతారు. మోనోట్యూబు రకం వేడిని బాగా వదులుతుంది, కానీ దాని బయటి గొట్టం లోపలే పిస్టన్ తిరుగుతుంది కాబట్టి రాయి తగిలి సొట్టపడితే అక్కడే ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబులో లోపల ఇంకో గొట్టం ఉంటుంది, చిన్న సొట్టల్ని ఓర్చుకుంటుంది. కుటుంబంతో నెమ్మదిగా వెళ్లే నీకు పెద్ద బోరున్న ఫోమ్ సెల్ ట్విన్ ట్యూబు చాలు. పక్కన వేరే డబ్బా వేలాడే ఖరీదైనవి అక్కర్లేదు. స్ప్రింగులూ షాకబ్జర్లూ ఒకదానికొకటి సరిపడేలా ఒకే చోట తీసుకో.

రోడ్డు మీద నీ మొదటి స్ప్రింగు టైరే. తారు రోడ్డు దిగగానే గాలి తగ్గించు. నిండు బరువుతో తారు మీద 38 పీఎస్ఐ పెట్టి ఉంటే మట్టి మీద 28కి దించు. గాలి దించాక వేగం 80 దాటకూడదు. నన్నడిగితే 60, 65 దగ్గర పోనివ్వు. గతుకుల మీద వేగంగా పోతే తేలిపోతుందని చాలామంది అంటారు. తేలిన బండికి బ్రేకూ స్టీరింగూ సరిగా పనిచేయవు. మిచెల్ జలపాతం వైపు కలుంబురు రోడ్డు ఎక్కితే ఇంకా నెమ్మది. గంటకోసారి ఆగి నాలుగు షాకబ్జర్ల దగ్గరా చెయ్యి ఆనించకుండా వేడి చూడు. మూడు కాలిపోతూ ఒకటి చల్లగా ఉందంటే ఆ చల్లగా ఉన్నదే చచ్చిపోయిందని అర్థం. ఆయిలు మరకలున్నాయేమో, బుష్షులు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) చితికాయేమో వంగి చూడు.

కిట్ మే నెలలోనే వేయించు, బయల్దేరే వారం కాదు. పెర్త్ నుంచి మా ఊరికి 1,500 కిలోమీటర్ల తారు రోడ్డు, కొత్త బోల్టులు సర్దుకోవడానికి అది మంచి దూరం. వెనక షాకబ్జరు ఒకటి, దాని బుష్షులు ఒక జత అదనంగా తెచ్చుకో. ఇక్కడ ఒక రాత్రి ఆగండి. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు మనిద్దరం కింద దూరి ఒక్కో బోల్టుకీ టార్క్ రెంచి వేసి చూద్దాం. బోల్టుల టార్క్ అంకెలు కిట్‌తోపాటు వచ్చే కాగితంలో ఉంటాయి, దాన్ని గ్లోవ్ బాక్సులో పెట్టడం మర్చిపోకు. అత్తయ్య పిల్లలకి ఏం వండాలా అని ఇప్పటినుంచే అడుగుతోంది.

మీ మామయ్య