మేనేజర్ పదవి వద్దనుకుంటే వెనకబడినట్టేనా?

ప్రశ్న: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పన్నెండేళ్లుగా ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు మా బృందానికి మేనేజర్‌గా ఉండమంటున్నారు. నాకు డిజైన్, కోడింగ్ అంటేనే ఇష్టం. ‘ఇంకా ఎన్నాళ్లు కోడ్ రాస్తావు?’ అని మావారు, విజయవాడలో ఉన్న మా నాన్నగారు పట్టుబడుతున్నారు. వద్దంటే వెనకబడిపోతానేమోనని భయంగా ఉంది.

జవాబు: అమ్మా, మీ నాన్నగారి తరంలో ఉద్యోగంలో ఎదగడమంటే చేతికింద పనిచేసేవారు పెరగడమే కనుక, ఆయన మాటను మీ భవిష్యత్తు గురించిన బెంగగానే తీసుకోండి. అయితే సాంకేతిక నిపుణులు మేనేజర్లు కాకుండానే పైకి వెళ్లేందుకు ఐబీఎం 1960లలోనే ‘ఫెలో’ హోదాను ఏర్పరచింది. నేడు చాలా సంస్థల్లో అదే తరహాలో స్టాఫ్ ఇంజనీర్, ప్రిన్సిపల్ ఇంజనీర్ అనే పైహోదాలున్నాయి. కానీ అవి కాగితం మీద ఉంటే చాలదు. కొన్ని బహుళజాతి సంస్థల్లో కీలకమైన డిజైన్ నిర్ణయాలన్నీ విదేశంలోని ప్రధాన కార్యాలయంలోనే జరిగిపోతాయి కాబట్టి, ఇక్కడి ఇంజనీర్లకు ఆ పైమెట్లు అందవు. మీ బెంగళూరు ఆఫీసులో ఆ హోదాల్లో ఎవరున్నారో, వారి జీతం మేనేజర్లతో సమానంగా ఉందో లేదో ముందు విచారించండి. లేకపోతే సంస్థ మారడం గురించి ఆలోచించాలి గానీ, మనసొప్పని పని నెత్తిన వేసుకోకూడదని నా గట్టి అభిప్రాయం.

ఎందుకంటే మేనేజర్ పని పూర్తిగా వేరు. కష్టపడినవారికి కూడా అప్రైజల్‌లో, అంటే పనితీరు మదింపులో, తక్కువ రేటింగ్ వస్తే ఎదురుగా కూర్చుని వివరించాలి, రాజీనామా ఇచ్చినవారి స్థానంలో మనుషుల్ని వెతకాలి, రాత్రిపూట అమెరికా వారితో కాల్స్‌లో కూర్చోవాలి. ఒక మనిషి ఎదుగుదల చూసి నిజంగా సంతోషించేవారికి ఇందులో గొప్ప తృప్తి ఉంటుంది. ఆ సంతోషం మీకుందో లేదో తెలియాలంటే, పదవి తీసుకోకుండానే కొన్ని నెలలు ఇద్దరు జూనియర్ల బాధ్యత చూస్తానని మీ పైఅధికారిని అడగండి. పదవి ఇప్పుడే తీసుకోక తప్పకపోతే, ఇష్టం లేనప్పుడు ఇంజనీరుగా తిరిగి వచ్చే వెసులుబాటును ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఎందుకంటే కోడింగ్‌కు కొన్నేళ్లు దూరమైతే బయట టెక్నికల్ ఇంటర్వ్యూలు కష్టమవుతాయి.

మీవారితో మాత్రం ఈ వారమే మాట్లాడండి. మీరు రాత్రి కాల్స్‌లో ఉంటే వంట, ఇంటి పనులు ఎవరు చూస్తారో ఆయన్నే చెప్పమనండి. పదవి తీసుకోమని పట్టుబడుతున్నవారు ఆ బరువులో తమ వంతు ఎంతో కూడా చెప్పాలి.