బట్ట తెలిసిన అనువాదకుణ్ణి వెతుక్కో

అమ్మాయీ,

నీ మెసేజ్ చూశాను. నీ బట్టల జర్మన్ కేటలాగ్‌ని ఫ్రెంచ్‌లోకి మార్పించాలి, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్ షాపువాళ్లు తొందరపెడుతున్నారు, ఎవరిని పట్టుకోవాలో తెలియట్లేదు, అంతేగా? టెన్షన్ పడకు. కానీ ఆఫీసులో ఫ్రెంచ్ వచ్చిన కుర్రాడున్నాడు కదా అని వాడి చేతిలో మాత్రం పెట్టకు.

ఆ పని చేసే నేను దెబ్బతిన్నాను. జర్మన్‌లో వెస్టె అంటే చేతుల్లేనిది, దాన్ని ఫ్రెంచ్‌వాళ్లు జిలే అంటారు. ఫ్రెంచ్‌లో వెస్ట్ అంటే చేతులున్న జాకెట్. మావాడు వెస్టెని చూసి వెస్ట్ అని రాసేశాడు, నేనూ చూసుకోలేదు, కొన్నవాళ్లు చేతులేవని వెనక్కి పంపారు. రానుపోను ఖర్చు మాదే.

ముందు ఫ్రెంచ్ మాతృభాష అయినవాళ్లను చూడు. జర్మనీ అనువాదకుల సంఘం బీడీయూ, ఫ్రాన్స్‌లో ఎస్ఎఫ్‌టీ, రెండింటి జాబితాల్లోనూ భాషను, రంగాన్ని బట్టి వెతకొచ్చు. అయితే "ఫ్యాషన్" అని రాసుకున్న ప్రతివాళ్లకూ బట్ట తెలుసనుకోకు. కొందరు ప్రకటనల భాష అద్భుతంగా రాస్తారు, మగ్గం దగ్గరికొచ్చేసరికి తేలిపోతారు. జర్మన్‌లో పడుగుని కెట్టె అంటారు, ఆ మాటకే గొలుసని కూడా అర్థం. పేకని షుస్ అంటారు, దానికేమో తుపాకీ పేల్చడమనీ అర్థముంది! పేకకి ఫ్రెంచ్‌లో ట్రామ్ అని రాయాలి, తెలియనివాళ్లు నీ బట్టలో తూటాలు పేలుస్తారు.

అందుకని ఇద్దరు ముగ్గురికి ఒక పేజీ ఇచ్చి చేయించు, ఆ పేజీకి డబ్బులివ్వు, ఊరికే అడగడం మర్యాద కాదు. అందులో వెలూర్ అన్న మాట కావాలనే ఉంచు. ఫ్రెంచ్‌లో అది వెల్వెట్, జర్మన్‌లో బ్యాగు దగ్గర రాస్తే మెత్తటి నూగున్న తోలు కూడా కావచ్చు. "ఇది తోలా, బట్టా?" అని తిరిగి అడిగినవాళ్లకు పనివ్వు. ఏమీ అడగకుండా సాయంత్రానికల్లా పంపేసినవాళ్ల మీద నాకైతే నమ్మకం ఉండదు.

లేబుళ్ల సంగతి వేరు, అక్కడ అందమైన భాష అక్కర్లేదు. యూరప్ 1007/2011 నిబంధనలో పీచుల పేర్లు ప్రతి భాషలోనూ ఖరారు చేసి పెట్టారు, అవే వాడాలి. సాగే దారానికి ఎలాస్తాన్ అనే రాయాలి, లైక్రా అనేది బ్రాండు పేరు. జర్మన్ షూర్‌వొల్లె అంటే ఫ్రెంచ్‌లో లేన్ వియెర్జ్, అంటే ఇంతకుముందు ఏ వస్త్రంలోనూ వాడని ఉన్ని. ఉత్త "ఉన్ని" అని దించేస్తే నీ సరుకు విలువ నువ్వే తగ్గించుకున్నట్టు. మామూలు ఉన్నికి ఆ పేరు పెడితే అది తప్పే. నువ్వు అనువాదకుడికి ఇచ్చే కాగితంలో ఆ నిబంధన పేరు రాసి పెట్టు.

రేటు దగ్గర గందరగోళపడకు. జర్మనీలో ఖాళీలతో కలిపి 55 అక్షరాల లైనుకింత అంటారు, ఫ్రాన్స్‌లో మాటకింత అంటారు. జర్మన్‌లో నాలుగు మాటలు కలిసి ఒకటైపోతాయి కదా, లెక్క జర్మన్ మాటలకా, ఫ్రెంచ్ మాటలకా అని ముందే రాయించుకో.

ఎక్సెల్ షీటు ఒక్కటే పంపి ఊరుకోకు. ఫొటోలు పంపు, వీలైతే బట్ట ముక్కలు చిన్న కవర్లో పోస్టు చేయి. ముట్టుకుని చూసినవాళ్లు వేరేగా రాస్తారు.

పేజీలు తిరిగొచ్చాక నాకూ ఒకసారి పంపు, చూస్తాను.

పిన్ని