సమాధానం: మోసిన్ స్కోప్‌లో గురి గీతలు మూలకు పోతున్నాయంటే

మీ మోసిన్ 91/30 (పాత సోవియట్ రైఫిల్) స్నైపర్ రైఫిల్‌ను 100 మీటర్లకు సరిచేస్తే స్కోప్‌లో (గురి దుర్భిణిలో) గురి గీతలు ఎడమ మూలకు జరిగాయన్నారు. స్కోప్ పాడైందని కంగారుపడకండి. ఈ రైఫిల్‌కు ఉండే పీయూ రకం స్కోప్‌లో డ్రమ్ము (గురి సరిచేసే గుండ్రటి మీట) తిప్పితే గీతలే కదులుతాయి, నేటి స్కోపుల్లా మధ్యలో నిలవవు. అసలు తేడా మౌంట్‌లో, అంటే స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే బిగింపులో ఉంది. సోవియట్ మరమ్మతు డిపోల్లో ఒక రైఫిల్ స్కోప్ మరో రైఫిల్‌కు చేరడం మామూలుగా జరిగేది, అందుకే మౌంట్ సరిగ్గా కుదరదు.

ముందు పై డ్రమ్మును 1 (100 మీటర్లు) మీద, పక్క డ్రమ్మును 0 మీద పెట్టండి. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ (వెనుక ఉండే కదిలే గడియ) తీసి, తుపాకీ గొట్టంలోంచి లక్ష్యాన్ని చూస్తూ స్కోప్ గురి కూడా అదే లక్ష్యంపై పడేలా మౌంట్‌ను సర్దండి. ఎత్తు తేడాకు మౌంట్ వెనుక పైనా కిందా రెండు స్క్రూలున్నాయి. ఒకటి వదులు చేశాకే రెండోది బిగించాలి.

పక్క తేడాకు స్క్రూ లేదు, ఓపికే మందు. గుండ్లు కుడికి పడుతుంటే మౌంట్ వెనుక భాగానికీ బేస్‌కూ (రైఫిల్‌కు బిగించిన పలకకూ) మధ్య పలుచని ఇత్తడి రేకు పెట్టండి. కాగితమంత మందం కూడా చాలా జరుపుతుంది. ఎడమకు పడితే అక్కడ లోహాన్ని అరగదీయాలి. అది నిపుణుడికే వదిలేయండి, పోయిన లోహం తిరిగి రాదు.

చివరి చిన్న తేడాలకే డ్రమ్ములు వాడండి. ఆపై వాటి స్క్రూలు వదులు చేసి అంకెలను 1కి, 0కి తిప్పుకోవచ్చు.