గాల్‌బ్లాడర్ తీసేశారు, మరి అరుగుదల ఎలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 46. రాళ్లున్నాయని ఐదు వారాల క్రితం లాపరోస్కోపీలో గాల్‌బ్లాడర్ తీసేశారు. ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు కుడి భుజం ఒకటే పీకుడు. పొట్ట కోస్తే భుజం నొప్పేమిటో ఎవరూ సరిగ్గా చెప్పలేదు. అది తగ్గింది కానీ, ఇప్పుడు తిన్న అరగంటకే బాత్రూంకి పరిగెత్తాల్సి వస్తోంది. ఆ భయంతో నూనె, వెన్న, గుడ్డు, పాలు అన్నీ మానేశాను. నాలుగు కిలోలు తగ్గాను, నీరసంగా ఉంటోంది. ఇక జీవితాంతం ఇలా చప్పిడి తిండేనా? ఇంట్లోవాళ్లు నీళ్ల బకెట్ కూడా ఎత్తనివ్వడం లేదు. ఇది ఎన్నాళ్లు?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ భుజం సంగతి చెప్పనివ్వండి. అది తగ్గిపోయిందన్నారు, నిజమే. కానీ ఈ విషయంలో నేను కొంచెం బాకీ పడ్డాను. నేను సర్జన్ని. భుజం నొప్పి అన్న పేషెంట్లకి చాలా ఏళ్లపాటు "గ్యాసమ్మా, అదే పోతుంది" అని ఒక్క ముక్క చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయేదాన్ని. తర్వాత నా గాల్‌బ్లాడరే తీయించుకోవాల్సి వచ్చింది. రెండో రాత్రి వెల్లకిలా పడుకోబోతే ఎవరో మోకాలు పెట్టి భుజం మీద నొక్కినట్టయింది. కుట్ల నొప్పి దాని ముందు ఏపాటి! తెల్లవార్లూ కుర్చీలోనే కూర్చున్నాను. గంటకోసారి లేచి గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త తెరిపిగా ఉండేది. ఆ తర్వాత నుంచి ఏ పేషెంటుకీ ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేదు.

పొట్టలో కెమెరా, పనిముట్లు కదలాలంటే చోటు కావాలి. అందుకని కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్టగోడని గుడారంలా పైకి లేపుతాం. చివర్లో వదిలేసినా కొంత లోపల మిగులుతుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే డయాఫ్రం దీనివల్ల చికాకుపడుతుంది. దానికి వెళ్లే నరం మెడలో పుడుతుంది, భుజం పైభాగానికి వెళ్లే నరాలూ దాదాపు అక్కడివే. కబురు ఎక్కణ్నుంచి వచ్చిందో మెదడు పోల్చుకోలేక భుజం నొప్పి అనుకుంటుంది. రెండు మూడు రోజుల్లో ఆ గ్యాస్ రక్తంలో కలిసి, ఊపిరితో బయటికి పోతుంది. అది పేగుల్లో ఉండే గ్యాస్ కాదు కాబట్టి కడుపుబ్బరం మాత్రలు ఎన్ని మింగినా దాన్ని తాకవు.

ఇక అసలు ప్రశ్న. గాల్‌బ్లాడర్ లేకపోతే అరుగుదలే ఉండదని మీలాగే చాలామంది అనుకుంటారు. కొవ్వుని అరిగించే పైత్యరసం తయారయ్యేది లివర్‌లో. రోజుకి అర లీటరు నుంచి లీటరు దాకా తయారవుతుంది. గాల్‌బ్లాడర్ పట్టేది మహా అయితే 30 నుంచి 50 మిల్లీలీటర్లు. అది లివర్ ఇచ్చిన రసాన్ని చిక్కబరిచి దాచుకుని, మనం కొవ్వు తిన్నప్పుడు పిండి పేగులోకి పంపే సంచి, అంతే. గుర్రానికి ఆ సంచి లేదు, ఎలుకకీ లేదు. 1882లో బెర్లిన్‌లో లాంగెన్‌బుక్ అనే సర్జన్ మొదటిసారి ఒక మనిషికి దాన్ని తీసేశాడు, ఆ పేషెంటు కోలుకున్నాడు.

ఇప్పుడు మీ పైత్యరసం సంచిలో ఆగకుండా రోజంతా కొద్దికొద్దిగా పేగులోకి జారుతూ ఉంటుంది. ఒక చెంచా నూనెని అరిగించడానికి అది చాలు. ఒకేసారి పళ్లెం నిండా వేపుడు తింటే చాలదు. అరగని కొవ్వు కింది పేగుల్లోకి దిగి ఇబ్బంది పెడుతుంది. దానికి తోడు మునుపటికన్నా ఎక్కువ పైత్యం పెద్దపేగుకి చేరి నీళ్లు ఊరేలా చేస్తుంది. మీ పరుగుకి చాలావరకు కారణం ఇదే. ఎక్కువమందికి వారాలు, నెలలు గడిచేకొద్దీ సర్దుకుంటుంది.

కొవ్వు పూర్తిగా మానేయడం నాకు నచ్చలేదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటబట్టాలంటే కొవ్వు ఉండాలి. పైగా మీరు నూనెతోపాటు గుడ్డు, పాలు కూడా మానేశారు, మీ నీరసానికి వేరే కారణం వెతకక్కర్లేకపోవచ్చు. మూడు పూటల భోజనాన్ని ఐదు చిన్న పూటలుగా విడగొట్టండి. మానేసినవాటిని ఒక్కొక్కటే, రెండు రోజులకొకటి చొప్పున, కొంచెంగా మళ్లీ మొదలుపెట్టండి. ఒక కాగితం మీద రాసుకోండి. నా పాత నోట్‌బుక్‌లో ఇలా ఉంది: "సోమవారం, ఉడికించిన గుడ్డు ఒకటి. ఏమీ కాలేదు. బుధవారం, పాలు అర గ్లాసు. ఫరవాలేదు. శుక్రవారం, వేపుడు, కడుపునిండా. ఎనిమిదింటికి తిన్నాను, ఎనిమిదీ ఇరవైకి తెలిసింది." ఆ వేపుడు ఇప్పుడు బానే తింటున్నాను, నాలుగు ముక్కలు. ఓట్స్, అరటిపండు లాంటివాటిలో నీళ్లలో కరిగే పీచు ఉంటుంది, అది కొందరికి విరేచనాన్ని కాస్త గట్టిపరుస్తుంది. కాఫీ ఎక్కువ తాగే అలవాటుంటే కొన్నాళ్లు తగ్గించి చూడండి.

అయినా తగ్గకపోతే ఓర్చుకుంటూ కూర్చోవద్దు. పైత్యాన్ని పట్టి ఉంచే కొలెస్టైరమైన్ అనే మందు ఉంది, డాక్టర్ చెబితేనే వాడాలి. అది మిగతా మందుల్ని కూడా పట్టేస్తుంది కాబట్టి వాటికీ దీనికీ మధ్య గంటల తేడా ఉండాలి. మీ విషయంలో నాలుగు కిలోలు తగ్గారు కాబట్టి, నా జవాబు చదివి ఊరుకోకుండా ఈ వారంలోనే మీ సర్జన్‌కి చూపించుకోండి. నిద్రలోంచి లేచి పరిగెత్తాల్సి వస్తున్నా, విరేచనంలో రక్తం పడుతున్నా ఆ మాట తప్పకుండా చెప్పండి.

బకెట్ సంగతి. పైకి కనిపించే గాట్లు చిన్నవే, కానీ బొడ్డు దగ్గర లోపలి పొర కూడా అతకాలి. అది సరిగ్గా అతక్కముందే బరువెత్తితే అక్కడ హెర్నియా, అంటే లోపలిది ఆ సందులోంచి బయటికి ఉబకడం, రావచ్చు. అందుకే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు వద్దంటాం. మీకు ఐదు నిండాయి. సర్జన్ని ఒక మాట అడిగి, సగం బకెట్‌తో మొదలుపెట్టండి. బొడ్డు దగ్గర లాగినట్టుంటే దించేయండి. నడక మాత్రం ఎంతైనా నడవచ్చు.

ఇంకొకటి, ఇది టెన్షన్ పెట్టడానికి కాదు. కళ్లు పచ్చబడినా, మూత్రం డికాషన్ రంగులోకి మారినా, విరేచనం సున్నంలా తెల్లగా వస్తున్నా, చలితో జ్వరం వచ్చినా, పొట్ట కుడివైపు పైన మళ్లీ పాత నొప్పి మొదలైనా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. ఒక్కోసారి చిన్న రాయి పైత్యనాళంలోకి జారి అక్కడే ఉండిపోతుంది, నెలల తర్వాత బయటపడుతుంది. చాలాసార్లు దాన్ని మళ్లీ పొట్ట కోయకుండా, నోటి ద్వారా ఎండోస్కోపీ గొట్టం పంపి తీసేయవచ్చు.

ప్రశ్న: ఇదే ఆపరేషన్‌లో నాకు లోపల క్లిప్పులు వేశారట. నడుము నొప్పికి ఎంఆర్ఐ తీయించుకోమన్నారు. ప్రమాదమా?
- ఒక పాఠకుడు

జవాబు: మామూలుగా అవి టైటానియంతో చేసిన క్లిప్పులు, అయస్కాంతం లాగదు. అయినా స్కాన్ గదిలోకి వెళ్లేముందు చెప్పండి, డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి. వాళ్లు అడిగే మొదటి కాగితం అదే.