చాయ్ చల్లారేలోపు ఒక్క పేజీ

చిక్కడపల్లి,
హైదరాబాద్.

చిరంజీవి చిన్నాకు బాబాయి ఆశీస్సులు.

మొన్న అశోక్‌నగర్‌లో నీ రూముకొచ్చినప్పుడు గోడమీద టైంటేబుల్ చూశాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి పదకొండు దాకా, రంగురంగుల స్కెచ్ పెన్నులతో. బల్లమీద పోటీ పరీక్షల పాలిటీ (రాజ్యాంగం, పాలన) పుస్తకం మాత్రం కొన్నది కొన్నట్టే ఉంది. "సోమవారం నుంచి మొదలుపెడతా బాబాయ్" అన్నావు. ఎన్నో సోమవారమో నేను అడగలేదు, నువ్వూ చెప్పలేదు.

దెప్పడానికి కాదురా. షుగరొచ్చింది, నడవమని డాక్టరు చెబితే సుల్తాన్ బజార్‌లో షూ కొని ఎనిమిది నెలలు అట్టపెట్టెలోనే ఉంచినవాణ్ణి నేను. ఇందిరా పార్కులో రోజూ గంట నడవాలి అనుకునేవాణ్ణి. ఆ గంట తలచుకుంటేనే నీరసం. చివరికి మీ పిన్ని, "పాలప్యాకెట్‌కి ఎలాగూ వెళ్తారుగా, చెప్పుల బదులు షూ వేసుకెళ్లండి, చాలు" అంది. లుంగీ కింద షూ చూసి పాలబూత్ కుర్రాడు నవ్వాడు కూడా. పదిరోజులు ఊరికే వెళ్లొచ్చాను. ఒకరోజు ప్యాకెట్ చేత్తో పట్టుకునే సందు చివరిదాకా పోయాను. పార్కు గేటు దాకా వెళ్లేసరికి రెండు నెలలు పట్టిందిలే.

నన్ను కదిలించింది షూ కాదు, పాలప్యాకెట్. రోజూ తప్పని పనికి కొత్త పనిని ముడెయ్యాలి. నీకు పొద్దున్నే కింద హోటల్లో చాయ్ తప్పదు కదా. ఫోన్ రూములో వదిలేసి పుస్తకం పట్టుకుని దిగు. చాయ్ చల్లారేలోపు ఒక్క పేజీ. ఇంకోటి చదవాలనిపిస్తే సరే, లేకపోతే మూసెయ్. ఊపొచ్చిందని మొదటిరోజే యాభై పేజీలు లాగించావంటే మర్నాడు ఆ యాభై కొండలా కనిపిస్తాయి.

21 రోజుల్లో అలవాటైపోతుందనే వీడియోలు నమ్మకు. లండన్‌లో ఒక యూనివర్సిటీ వాళ్లు 96 మందితో చేసిన పరిశీలనలో సగటున 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి, పనినిబట్టి 18 నుంచి 254 రోజుల దాకా లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే చూశారు. ఒకరోజు పోతే నెలంతా పోయినట్టు చతికిలబడటం నీకు మీ నాన్న పోలిక, అందుకే చెబుతున్నా.

చదివినరోజు క్యాలెండర్‌లో ఒక గీత గీయి. ఆదివారం భోజనానికి రా, పిన్ని గోంగూర పప్పు చేస్తానంది. ఎన్ని పేజీలయ్యాయని అడగనులే, ఆ క్యాలెండర్ మాత్రం పట్టుకురా.

మీ బాబాయి